లోపలి మేస్త్రి

మా నాన్న కట్టుకున్నది మా అమ్మను కాదు, చెక్కను అని కుట్టు పిన్ని అన్నదట. ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో అందరి కొలతలూ తెలిసిన మనిషి ఆవిడ. నడుముల కొలతలే కాదు, సంసారాల కొలతలు కూడా. నీళ్ళ పంపు దగ్గర బిందె నిండేలోగా ఆ మాట పాలవాడి పెళ్ళాం చెవిలో పడింది. ఆమె నోటమ్మట మా గుమ్మం దాకా వచ్చింది.

"ఆయన పలకతో మాట్లాడతాడు, మేకుతో మాట్లాడతాడు, ఆఖరికి పళ్ళు రాలిన రంపంతో కూడా మాట్లాడతాడు. కన్నకూతురితో మాట్లాడగా విన్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఆ ఇంట్లో ఆయన నోటి మాట వినాలంటే చెక్కయి పుట్టాలి తల్లీ!" అన్నదట.

"దాని నోట్లో నువ్వుగింజ నానదు" అని అమ్మ నిండు బిందెను అరుగు మీద దబ్బున పెట్టింది. అబద్ధమంటే అమ్మ నవ్వి ఊరుకునేది. అంత కోపం వచ్చిందంటే అందులో నిజం ఉందన్నమాట. నావైపు ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది.

నాకప్పుడు ఏడేళ్ళు. నాన్న పడవలు కట్టే మేస్త్రి. మా ఇంటి వెనక తలుపు తీస్తే పడవల దొడ్డి, దొడ్డి దాటితే ఏరు. నాన్న రోజంతా ఉండేది ఆ తలుపుకు అవతలే అయినా, వేరే ఊళ్ళో కాపురమున్నట్టే ఉండేది. అన్నానికి వచ్చేవాడు, తినేవాడు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. నాతో ఆయన చెప్పగా నాకు గుర్తున్న మాటలు మూడంటే మూడు: "పక్కకి జరుగు", "ముట్టుకోకు", "మేకులున్నాయి, చెప్పులేసుకో." ఆ మూడూ కలిపితే నా పెంపకం. కొట్టేవాడు మాత్రం కాదు. కొడితే అలాగైనా చెయ్యి తగిలేది. ఆయన్ని 'నువ్వు' అనాలో 'మీరు' అనాలో కూడా నేను తేల్చుకోలేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ ఎండాకాలం నాన్న చేతిలో ఉన్నది రేవు సరంగు పడవ. అతను జనాన్ని ఏరు దాటించే పాత పడవకు అడుగు పలకలు చివికిపోయాయి. అందులో ఎక్కినవాడు దిగేదాకా డబ్బాతో నీళ్ళు తోడుతూనే ఉండాలి. అవతలి ఒడ్డు నుంచి రోజూ పనికి వచ్చేవాళ్ళు పాతికమంది, వాళ్ళతో ఆస్పత్రి నర్సమ్మ. అందరికీ అదే దారి. ఏట్లో కొత్తనీరు పడిందంటే ఆ పాత పడవ ఒక్కరోజు కూడా నిలవదు. అందుకని కొత్తనీటికి ముందే కొత్త పడవ ఇస్తానని నాన్న మాటిచ్చాడు. "మా మేస్త్రి మాట తప్పడు. అసలు ఆడేదే నాలుగు మాటలు, అందులో తప్పడానికేముంది?" అనేవాడు సుత్తి తాత.

సుత్తి తాత మా దొడ్లో నలభై ఏళ్ళుగా, అంటే నాన్న తండ్రి కాలం నుంచీ, పని చేస్తున్న మనిషి. ఎప్పుడూ చేతిలో సుత్తి ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందో, నోరు తెరిస్తే కూడా అదే కనక వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

*

బడికి సెలవులిచ్చిన వారానికి, ఒక మిట్టమధ్యాహ్నం, పేలు చూస్తానని అమ్మ దువ్వెనతో నా వెంట పడింది. నేను వెనక తలుపు తీసుకుని దొడ్లోకి పరిగెత్తాను. దొడ్డి మధ్యలో సరంగు పడవ దిమ్మల మీద బోర్లించి ఉంది. వెన్నుదుంగ ఆకాశంలోకి, నోరు నేలకి. వడగాలికి పలకలు నెర్రెలివ్వకుండా చుట్టూ గోనెపట్టాలు వేలాడదీశారు. ఒక పట్టా ఎత్తి, పాకుతూ లోపల దూరి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ముందు ఏమీ కనిపించలేదు. పొయ్యిలో కూర్చున్నంత వేడి, కొత్త చెక్క వాసన. కాసేపటికి కళ్ళు అలవాటు పడ్డాయి. తలెత్తి చూశాను.

చుక్కలు!

పట్టపగలు, నా నెత్తి మీద, ఇన్నిన్ని చుక్కలు. కొన్ని ఆవగింజంత, కొన్ని సూదిమొనంత. ఒకచోట నాలుగైదు గుంపుగా, ఒకచోట వరసగా. పలకల మధ్య సందుల్లో నాన్నా తాతా నార కూరారని నాకు తెలుసు. నార బిగుతుగా కూరుకోని చోటల్లా ఎండ లోపలికి దూరుతోంది. అదంతా తరవాత తెలిసిన సంగతి. అప్పుడు మాత్రం అవి నావి, నేను కనిపెట్టినవి. సంతోషం పట్టలేక, దాక్కున్న మాట మరిచిపోయి పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాటాక పైన సుత్తి చప్పుడు ఆగింది.

"ఎవరది?"

నాన్న గొంతు.

"నేనే."

"ఏం చేస్తున్నావు లోపల?"

"లెక్కపెడుతున్నా."

"ఏంటి?"

"చుక్కలు."

ఇక గోనెపట్టా లేస్తుంది, చెయ్యి లోపలికి వస్తుంది, చెవి దొరకబుచ్చుకుంటుంది అనుకుని కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాను. అంతలో నెత్తి మీది గుంపులో ఒక చుక్క టక్కున ఆరిపోయింది.

"ఇప్పుడు?" అన్నాడు నాన్న.

"ఒకటి ఆరిపోయింది!"

చుక్క మళ్ళీ వెలిగింది. పక్కది ఆరింది.

"ఇప్పుడు?"

"అది వెలిగింది, దీని పక్కది ఆరింది! ఎలా చేస్తున్నావు నువ్వు?"

'నువ్వు' అనేశాను. అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పైనుంచి గద్దింపేమీ రాలేదు. "బొటనవేలు పెడుతున్నా" అన్నాడు, అంతే. తరవాత "ఎన్నున్నాయి మొత్తం?" అని అడిగాడు.

ఏడేళ్ళలో నాన్న నన్ను అడిగిన మొదటి లెక్క అది. తప్పు చెప్పకూడదని మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాను.

"అరవై మూడు!"

"అరవై మూడా?" ఇది సుత్తి తాత గొంతు, దూరం నుంచి. "ఎవరితో మాట్లాడుతున్నావయ్యా మేస్త్రీ? ఎండదెబ్బ గాని తగిలిందా?"

"లోపల మనిషుంది బాబాయ్" అన్నాడు నాన్న.

పిల్ల అనలేదు, మనిషి అన్నాడు. నేను ఆ చీకట్లో నిటారుగా కూర్చోబోయి అడ్డచెక్కకి తల కొట్టుకున్నాను. నొప్పే తెలియలేదు.

*

మర్నాడు అన్నం తింటూ నాన్న అమ్మతో, "లోపలి మేస్త్రి తిన్నదా?" అన్నాడు. అమ్మ తాగుతున్న నీళ్ళు పొలమారాయి. నేను కంచం అక్కడే వదిలేసి చెయ్యి కడిగీ కడగకుండానే దొడ్లోకి పరిగెత్తాను.

ఇక రోజూ అదే పని. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నేను లోపల, నాన్న పైన. నేను చుక్క చెప్పాలి, ఆయన వేలితో వెతకాలి, ఆర్పాలి, సుద్దముక్కతో గీత పెట్టాలి. సాయంత్రం ఆ గీతల దగ్గర నాన్నా తాతా మళ్ళీ నార కూరాలి. ఒకచోట కొడితే ఇంకోచోట సందు వదులయ్యేది. అందుకే రోజూ కొత్తవి పుట్టేవి.

"వెన్నుదుంగ నుంచి మూడో పలక. ముక్కు దగ్గర్నించి ఏడు జానలు" అని అరిచేదాన్ని.

పైన వేలు గీరుకుంటూ వెళ్ళేది. ఏమీ ఆరేది కాదు.

"లేదే ఇక్కడ?"

"ఉంది! నేను చూస్తున్నా కదా!"

"ఎవరి జానలు ఏడు?"

"నావే."

"నీ జానలు ఏడంటే నావి మూడున్నర. నా చేత ఆ కొసదాకా పాకించావు. ముందే చెప్పొద్దూ?"

"నువ్వు ముందే అడగొద్దూ?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. పైన ఏదో చప్పుడైంది. దగ్గేమో అనుకున్నాను. దగ్గు కాదు, నవ్వు. మా నాన్న నవ్వు నేను వినడం అదే మొదలు. అలా నవ్వేటప్పుడు మొహం ఎలా ఉంటుందో చూడాలని, గోనెపట్టా తోసుకుని మోకాళ్ళు గీరుకుంటున్నా ఆగకుండా బయటికి పాకాను. నేను లేచి నిలబడేసరికి నాన్న మొహం గడియ వేసిన తలుపులా మూసుకుపోయి ఉంది. "ఏం?" అన్నాడు. "ఏం లేదు" అని మళ్ళీ లోపలికి పాకాను.

అప్పుడే నాకొక సంగతి అర్థమైంది. నాకు ఇద్దరు నాన్నలు. బయట కనపడే నాన్న ఒకరు, లోపలికి వినపడే నాన్న ఒకరు. ఆ రెండో ఆయన నా సొంతం.

ఆ రెండో నాన్న ఎన్ని కబుర్లు చెప్పేవాడో! తను పన్నెండేళ్ళప్పుడు తండ్రికి తెలియకుండా ఒక చిన్న పడవ కట్టాడట. ఒకవైపు పలక రెండు వేళ్ళు పొడుగైంది. నీళ్ళలో వేస్తే ముందుకు పోకుండా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. "అందులో మొదట ఎక్కింది ఎవరనుకున్నావు? ఈ బాబాయే. ఏరు దాటుదామని ఎక్కి, ఎక్కిన ఒడ్డునే దిగాడు."

"దిగలేదు, దూకాను!" అని తాత అరిచాడు. "ఇంకాసేపుంటే వాంతయ్యేది. నిన్ను నీళ్ళలో ముంచి ఉంటే ఆ రోజే పీడ పోయేది."

నేను లోపల పొట్ట పట్టుకుని దొర్లాను. సరిగ్గా అప్పుడే కుట్టు పిన్ని, అడగని జల్లెడ ఒకటి తిరిగివ్వడానికని దొడ్లోకి వచ్చింది. దొడ్లో పిల్లన్నది కనపడదు, పడవేమో బోర్లా పడుకుని పకపకా నవ్వుతోంది. పైన కూర్చున్న మా నాన్న పళ్ళు కనపడుతున్నాయి. ఆవిడ జల్లెడ అక్కడే పెట్టి వెళ్ళిపోయిందట. ఆ సాయంత్రం పంపు దగ్గర ఎవరెంత కదిపినా నోరు విప్పలేదని అమ్మ మురిసిపోతూ చెప్పింది.

ఇంట్లో మాత్రం నాన్న మామూలే. నేను పక్కన కూర్చుని, ఆయన ఏమైనా అంటాడేమోనని ఒక్కో ముద్దా గంటసేపు నమిలేదాన్ని. "తిను" అని కూడా అనేవాడు కాదు. మధ్యలో చెక్క ఉంటే తప్ప ఆ మనిషికి మాట పెగలదు.

*

అరవై మూడు నలభై అయ్యాయి. నలభై ఇరవై రెండయ్యాయి. తగ్గినప్పుడల్లా నాన్న గొంతులో హుషారు పెరిగేది. "ఇవాళెన్ని లోపలి మేస్త్రీ?" అని నేను దూరకముందే అడిగేవాడు. నాకేమో భయం పట్టుకుంది. ఇరవై రెండు పదిహేనవుతాయి. పదిహేను సున్నా అవుతాయి. సున్నా అయిందంటే తారు పూస్తారు, పడవను తిప్పేస్తారు, నీళ్ళలోకి తోసేస్తారు. పడవతో పాటు ఆ రెండో నాన్న కూడా ఏట్లో పడి వెళ్ళిపోతాడు. నాకు మిగిలేది 'మేకులున్నాయి, చెప్పులేసుకో.'

ఆరో రోజు పదకొండు కనపడ్డాయి.

"ఎన్ని?"

"ఐదు" అన్నాను.

నాలుక దానంతటది అనేసింది. మిగతా ఆరూ రేపటికి. ఎవరికీ తెలియకుండా మిఠాయి చుట్టిపెట్టుకున్నంత సంబరం వేసింది. ఏడో రోజు ఆ ఆరూ బుద్ధిగా అక్కడే ఉన్నాయి. రెండు చెప్పాను, నాలుగు దాచుకున్నాను. ఇలా పొదుపుగా వాడుకుంటే బడి తెరిచేదాకా సరిపోతాయని లెక్క కూడా వేసుకున్నాను.

"రెండేనా?" అన్నాడు నాన్న. "అయితే రేపో ఎల్లుండో అయిపోయినట్టే."

"ఏమో, చెప్పలేం. చెక్క కదా" అన్నాను, సుత్తి తాత గొంతు అరువు తెచ్చుకుని.

తాత ఫక్కున నవ్వాడు. నాన్న నవ్వలేదు.

*

ఎనిమిదో రోజు పొద్దెక్కే వేళకు ఆకాశం నల్లబడింది. గాలి ఒక్కసారి చల్లగా తిరిగింది. రేవు వైపు నుంచి సరంగు లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు. "మేస్త్రీ! ఎగువన కుండపోతట! రేపు పొద్దుటికి కొత్తనీరు దిగుతుందట! ఇదుగో, ఇప్పుడే ఫోనొచ్చింది!"

"వానలు పది రోజులకి గాని రావన్నారుగా?" అన్నాడు తాత.

"వానకి క్యాలెండరు చూపించి నువ్వే చెప్పు. పాత పడవ ఒడ్డుకి లాగేశాను. ఇక నా పరువు, అవతలి ఒడ్డు వాళ్ళ పనులు, అన్నీ నీ చేతిలో ఉన్నాయి మేస్త్రీ."

"రేపు పొద్దున్న నీళ్ళలో ఉంటుంది" అన్నాడు నాన్న.

దొడ్డి దొడ్డంతా లేచి నిలబడింది. తాత తారు డబ్బా పొయ్యి మీదికి ఎక్కించాడు. అమ్మ పుల్లలు ఎగదోస్తోంది. కుట్టు పిన్ని కూడా కొంగు బిగించి వచ్చింది. నార తడిస్తే తారు పట్టదు కనక, నాన్నా సరంగూ కలిసి పెద్ద టార్పాలిన్ ఒకటి పడవ మొత్తాన్ని కప్పేలా లాగి కట్టారు. గాలికది ఫటఫటా కొట్టుకుంటోంది. నేను కాళ్ళకడ్డం పడుతూ అందరి వెనకా తిరుగుతున్నాను, పండగ వచ్చినంత హుషారుగా. నాన్న ఆగాడు.

"లోపలి మేస్త్రీ! దూరు. ఆఖరుసారి చూసి చెప్పు. తారు పూసేస్తున్నాం."

దూరాను. తలెత్తాను.

ఏమీ లేదు. పైన మబ్బు, మబ్బు కింద టార్పాలిన్. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

"ఏమన్నా ఉన్నాయా?"

"కనపడటం లేదు."

"లేవా, కనపడటం లేదా?"

మా నాన్నతో ఇదే చిక్కు. అంగుళం తేడా కూడా ఒప్పుకోడు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. ఆ నాలుగింటి మీదా తారు పూస్తారు, తారు ఎలాగో మూసేస్తుందిలే అనుకున్నాను. కానీ నార కూరని చోట పూసిన తారు నీటి బరువుకి ఊడొస్తుందని నాన్నే నాకు చెప్పాడు, ఇదే పడవ మీద కూర్చుని. పడవ నిండా జనం, మధ్యలో నర్సమ్మ, కిందనుంచి బుడబుడమని నీళ్ళు. అంతా నా కళ్ళముందు ఆడింది.

"ఉన్నాయి" అన్నాను. "నాలుగున్నాయి. నిన్న చూశాను. చెప్పలేదు."

పైన అడుగుల చప్పుడాగింది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఇవాళ్టికి ఉంచుకున్నాను."

"ఉంచుకోవడమేంటి? మిఠాయా?"

"అన్నీ అయిపోతే నువ్వు మాట్లాడవు కదా మరి!"

ఏడుపూ మాటా కలిసిపోయి బయటికొచ్చాయి. టార్పాలిన్ మీద చినుకులు ఒకటి, రెండు, పది పడటం వినపడింది. "ఏమంటుందయ్యా పిల్ల?" అని తాత అడగడమూ వినపడింది. నాన్న అడుగులు పడవ చుట్టూ తిరిగి నా వైపుకొచ్చాయి. గోనెపట్టా లేచింది. అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ముందు ఒక చెయ్యి వచ్చింది. నేలను తడిమింది. తరవాత తల, భుజాలు. భుజాలు పట్టక ఇరుక్కున్నాయి. "అబ్బా" అని ఒక మూలుగు, ఒక తోపు. నాన్న లోపలికి వచ్చేశాడు! బోర్లా పాకి, వెల్లకిలా తిరిగి, నా పక్కన పడుకున్నాడు. చెమటా, చెక్కపొట్టూ, బీడీ పొగా కలిసిన వాసన. ఆయన మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది. తీసెయ్యలేదు.

"బాబాయ్" అని కేకేశాడు. "లాంతరు వెలిగించి టార్పాలిన్ కింద దూరు. ముక్కు దగ్గర్నించి పలకల మీదుగా మెల్లగా జరుపుతూ రా."

"ఓరి నీ ఇల్లు బంగారంగాను, ఇదంతా ఎందుకయ్యా? హాయిగా తిప్పేసి..."

"లాంతరు పట్టుకో బాబాయ్."

"అది కాదు మేస్త్రీ, నేను చెప్పేదేంటంటే..."

"పట్టుకో."

తాత సణుగుడు పడవ మీదికెక్కింది. కాసేపటికి చీకట్లో ముక్కు దగ్గర ఒక పచ్చటి చుక్క పొడిచింది.

"అదిగో ఒకటి!" అని అరిచాను. "చెప్పానా!"

లాంతరు జరుగుతోంది. రెండోది నాకు గుర్తున్న చోటే వెలిగింది. మూడోదీ అంతే. కనపడిన చోటల్లా నాన్న సన్నటి ఇనపతీగ దూర్చి పైకి పొడుస్తున్నాడు. పైన తాత దాని పక్కన సుద్ద పెడుతున్నాడు. నాలుగోది మాత్రం దొరకలేదు. లాంతరు వెనక కొసదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"ఎక్కడ చూశావో గుర్తు తెచ్చుకో" అన్నాడు నాన్న, చాలా నెమ్మదిగా. "కూర్చుని చూశావా, పడుకుని చూశావా?"

"పడుకుని. తల అటు పెట్టి."

"అయితే అటే పెట్టు."

ఇద్దరం ఆ ఇరుకులో గింజుకుంటూ అటు తిరిగాం. ఆయన మోకాలు అడ్డచెక్కకి కొట్టుకుంది, నా జడ ఆయన భుజం కింద ఇరుక్కుంది. లాంతరు మళ్ళీ కదిలింది. ఐదో అడ్డచెక్క అంచున, వెంట్రుకంత వెలుగు.

"అదీ!" అన్నాం, ఇద్దరం ఒకేసారి. ఇద్దరి వేళ్ళూ ఒకేసారి వెళ్ళి దాని మీద పడ్డాయి.

"దొరికాయా? రానా ఇక?" అన్నాడు తాత. "ఈ టార్పాలిన్ దెబ్బలకి నా వీపు విమానం మోత మోగుతోంది."

"ఇంకోసారి జరుపు బాబాయ్, మొదటినుంచీ" అన్నాడు నాన్న.

నాలుగూ దొరికాయి కదా, మళ్ళీ ఎందుకో నాకర్థం కాలేదు. తలతిప్పి చూశాను. ఆ పలచటి వెలుగులో నాన్న మొహం ఇంత దగ్గరగా ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళార్పకుండా, చుక్కలు ఒక్కొక్కటే వెలగడం చూస్తున్నాడు.

"నలభై పడవలు కట్టాను" అన్నాడు పైకి చూస్తూనే. "ఇలా లోపలినుంచి ఎప్పుడూ చూడలేదు."

*

మరునాడు పొద్దున్న వాన వెలిసింది. ఏరు బురద రంగుతో, నురగతో, రాత్రికి రాత్రి ఒళ్ళు చేసినట్టు ఉబ్బింది. వీధి వీధంతా రేవులోనే ఉంది. తారుతో నిగనిగలాడుతున్న పడవను పాతికమంది పట్టి తిప్పారు. దుంగల మీద దొర్లించుకుంటూ "ఒక్కటే తోపు!" "ఇంకొక్కటే!" అని కేకలు పెడుతూ దించారు. ముక్కు నీళ్ళలో దిగింది, లేచింది, తేలింది. ఈలలు వేశారు. కుట్టు పిన్ని తన పడవే అయినట్టు చప్పట్లు కొట్టింది.

నాన్న తాడు పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాడు. అందరి తలల మీదుగా వెతికాడు.

"లోపలి మేస్త్రీ! ఎక్కడ చచ్చావు? రా, ఎక్కు!"

మధ్యలో చెక్క లేదు. అందరి ఎదుటా, పట్టపగలు, మొహం మొహంలో పెట్టి పిలిచాడు. నేను జనం కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయాను. చంకల కింద చేతులు వేసి ఎత్తి పడవలో పెట్టి, తనూ ఎక్కాడు.

"అడుగున తడిమి చూడు. తడుందా?"

ఒక్కో పలక మీదా అరచెయ్యి పెట్టి, ముక్కు నుంచి తోకదాకా మోకాళ్ళ మీద పాకాను. జనమంతా నన్నే చూస్తున్నారు. ఐదో అడ్డచెక్క దగ్గర రెండుసార్లు పెట్టాను.

"లేదు! పొడిగా ఉంది! అంతా పొడిగా ఉంది!"

రేవు హోరెత్తిపోయింది. సరంగు గెంతి లోపలికి దూకి నాన్నను కావలించుకున్నాడు. నాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తాడు పట్టుకుని నిలబడ్డాడు. కానీ మొహం మూసుకోలేదు. పళ్ళు కనపడుతూనే ఉన్నాయి. ఒడ్డు మీద అమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

"పడవ బంగారం మేస్త్రీ, అందుకు వంక పెట్టను" అన్నాడు సరంగు ఊపిరి తీసుకుని. "కానీ ప్రాణం తోడేశావయ్యా! నార కూరడం అయిపోయింది, రెండ్రోజుల్లో ఇస్తామని నువ్వు చెప్పి పదిరోజులైంది. ఒక్క పూట తేడా వస్తే కొంప మునిగేది. ఎందుకింత ఆలస్యమైంది?"

నాన్న తాడు ముడి విప్పడంలో పడిపోయాడు. జవాబిచ్చింది ఒడ్డున తుండుతో వీపు తుడుచుకుంటున్న సుత్తి తాత.

"ఎందుకేంటి? పడవని వెల్లకిలా తిప్పి లోపల పది బిందెల నీళ్ళు కుమ్మరిస్తే, ఎక్కడ కారేదీ ఒక్క పూటలో బయటపడుతుంది. నలభై ఏళ్ళుగా మేం చేసేది అదే. ఈసారి ఈయన ఎనిమిది రోజులు పిల్లని లోపల కూర్చోబెట్టి చుక్కలు లెక్కపెట్టించాడు. తిప్పుదామని నేను నోరు తెరిచినప్పుడల్లా నొక్కేశాడు. ఎందుకో ఆయన్నే అడుగు."

ఎవరూ అడగలేదు.